తిన్న ఉప్పు, పాడిన కీర్తన: తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో కృతజ్ఞత

తెలుగు ఇళ్లలో ‘విశ్వాసం’ అనే మాటను వాడే తీరు ఒకసారి గమనించండి. పెంచిన కుక్కకున్న విశ్వాసం కూడా వాడికి లేకపోయిందని వాపోతాం. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. ఇక్కడ విశ్వాసమంటే పొందిన మేలును మరవకపోవడం. దేవుడున్నాడని నమ్మడానికీ దీనికీ సంబంధం లేదు. అదే మాట చర్చి గుమ్మం దాటి లోపలికి వెళ్లగానే బైబిలులోని ‘పిస్తిస్’ అనే గ్రీకు పదానికి సమానార్థకమై కూర్చుంటుంది. సంఘ సభ్యులు ‘విశ్వాసులు’ అవుతారు.

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు క్రాన్, డెగ్రాంజ్‌లు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సాగిన వారి అనువాద కృషి ఫలితంగా 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని సేరంపూరులో అచ్చయ్యాయి. అప్పటినుంచి ఎన్నో చేతులు మారిన తెలుగు బైబిలులో ఈ మాట స్థిరపడింది. దాన్ని ఎంచుకొన్నవారు ఉప్పు తిన్న విశ్వాసాన్ని తలచి ఉండకపోవచ్చు. విన్నవారికి మాత్రం అది వినబడకుండా ఉండదు. తమిళనాట చదువుకొంటున్న విద్యార్థులకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. అక్కడి క్రైస్తవులూ ‘విసువాసం’ అనే అంటారు. అక్కడి ఇళ్లలోనూ ఆ మాట కుక్కకు చెల్లుతుంది. కన్నడ బైబిలు ‘నంబికె’ అనే మాటను స్వీకరించింది. కన్నడంలో విశ్వాసానికి ఆప్యాయత పాలు ఎక్కువ కాబట్టి అది వేరే దారి.

కృతజ్ఞత అనే మాట సంగతీ ఇలాంటిదే. కృతము అంటే చేయబడినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. చేసిన మేలును ఎరిగి ఉండడమే ఆ పదానికి మూలార్థం. తిరుక్కురళ్‌లో పదకొండో అధికారం పేరు ‘సెయ్‌నన్ఱి అఱిదల్’. అర్థం అచ్చంగా ఇదే. ధన్యవాదాలు చెప్పడమనే మర్యాద మన పల్లెల్లో ఇటీవలిది. మంచినీళ్లిచ్చిన కోడలిపిల్లకు ముసలమ్మ ధన్యవాదాలు చెప్పదు. కడుపు చల్లగా ఉండాలని దీవిస్తుంది. మేలు పొందినవాడు మేలు చేసినవాడికి ఋణపడతాడు. మన భాషలో కృతజ్ఞత ఎప్పుడూ ఒక లెక్కగానే నడిచింది. ఎవరి ఉప్పు తిన్నాం, ఎవరికి బాకీ ఉన్నాం అన్నది ఆ లెక్కలో మొదటి పద్దు.

ఈ పద్దు తెలుగు క్రైస్తవ జీవితంలోనూ, దాని వాఙ్మయంలోనూ ఎలా మారిందన్నది ప్రస్తుత వ్యాసవిషయం. ఈ వాఙ్మయం మీద మంచి పరిశోధన జరగలేదని కాదు. ఆర్.ఆర్. సుందరరావుగారు తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి వేదాంతం మీద 1983లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం ఈ విషయంలో ఇప్పటికీ మొదట చదవవలసినది. అయితే కీర్తనల్లో దాస్యం, దైన్యం, శరణాగతి ఎలా ఉన్నాయో చూపడంలో మన విమర్శ అలవాటుపడిపోయింది. రామదాసుతో పోల్చడం, త్యాగరాజుతో పోల్చడం, రాగతాళాలు పేర్కొనడం, అంతటితో ముగించడం. పాడినవాడు ఎవడు, పాడి ఇంటికి వెళ్లి ఏం తిన్నాడు అనే ప్రశ్న ఆ వ్యాసాల్లో సాధారణంగా రాదు. కృతజ్ఞత గురించి మాట్లాడవలసి వస్తే ఆ ప్రశ్న తప్పించుకోలేం.

ముందు కీర్తనలనే తీసుకొందాం. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే గ్రంథం తెలుగు ప్రొటెస్టంటు ఇళ్లలో బైబిలు పక్కన ఉండే రెండో పుస్తకం. ఆ కీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఒరిస్సాలోని మన పాఠకులు ఈ పేరును ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆయన పుట్టింది పర్లాకిమిడి ప్రాంతంలో. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ పట్టణం అటువైపు వెళ్లింది. తెలుగు క్రైస్తవ సాహిత్యానికి ఆదికవి అనదగినవాడు నేటి తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు అవతలివాడన్న మాట. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంప్రదాయ విద్య నేర్చి, యౌవనంలో క్రైస్తవం స్వీకరించినవాడు కావడంవల్ల పల్లవి, అనుపల్లవి, చరణాల చట్రం ఆయనకు సహజంగా అబ్బింది. ఆయన చేతిలో క్రైస్తవ భక్తి తెలుగు నేలమీద పుట్టినట్టే పలికింది. ఇందులో సందేహం లేదు.

కాని నేను చదివినంతలో ఆయన కృతజ్ఞత దాదాపు ఎప్పుడూ సిలువ చుట్టూనే తిరుగుతుంది. పాపం, పశ్చాత్తాపం, కరుణ, రక్షణ. వంటయిల్లు అందులో లేదు, పొలం లేదు, జ్వరం తగ్గిన పిల్లవాడు లేడు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. శిష్ట కీర్తన సంప్రదాయం ఆ వస్తువులకు చోటిచ్చే సంప్రదాయం కాదు. నిజానికి ఈ విషయంలో భద్రాచల రామదాసు మనకు ఎక్కువ పనికివస్తాడు. చేయించిన నగల ఖరీదు వరుసగా ఏకరువుపెట్టి రాముణ్ణి నిలదీసినవాడు ఆయన. దేవుడి ముందు పద్దులు విప్పడం అనే పని తెలుగు కీర్తనకు తెలియనిది కాదు. రామదాసుది బాకీ అడిగే పద్దు. తెలుగు క్రైస్తవుడు చెప్పుకొనేది బాకీ ఒప్పుకొనే పద్దు. అయితే అది అచ్చయిన కీర్తనల్లో కంటె ఇళ్లలో జరిగే కూడికల్లో ఎక్కువగా వినబడుతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక్కడ ఒక క్రియాపదాన్ని గమనించాలి. తెలుగు క్రైస్తవులు స్తుతి ‘చెల్లిస్తారు’. కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం అనేది చర్చి భాషలో నిత్యం వినబడే పదబంధం. శిస్తు చెల్లించినట్టు, అప్పు చెల్లించినట్టు, మొక్కు చెల్లించినట్టు స్తుతి చెల్లించడం. తిరుపతి కొండకు మొక్కు చెల్లించడానికి వెళ్లే కుటుంబానికీ, ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకొన్న కుటుంబానికీ మధ్య వ్యాకరణం ఒకటే. ఇది ఎవరో పాదిరి కల్పించిన పరిభాష కాదు. మతం మారినా మారకుండా ఉండిపోయిన తెలుగు మనస్సు. భేదం ఒక్కచోట ఉంది. మొక్కు ముందు మొక్కుకొని తరువాత చెల్లించేది. స్తుతికి ఒప్పందం లేదు. అడగకుండా దొరికినదానికి కూడా చెల్లించాలి. అందుకే దాని పద్దు తెగదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వస్తున్నాం. తెలుగు క్రైస్తవుల మీద పాతకాలం నుంచీ ఉన్న నింద ఒకటుంది. వాళ్ల మతం గంజి కోసం, గోధుమల కోసం, పాలపొడి కోసం అని. అంటే వాళ్ల విశ్వాసం పారమార్థికమైనది కాదు, కుక్క విశ్వాసంలాంటిది అని. మన విశ్వవిద్యాలయ శాఖల్లో కూడా ఈ మాట సగం నవ్వుతూ అనేవాళ్లను చూశాను. ఈ నింద పుట్టిన చోటు చూడడం మంచిది.

1876–78 కరువు దక్షిణాదిని ఊడ్చిపెట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ కూలి దొరకని మాదిగ, మాల కుటుంబాల కోసం బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. చెన్నపట్నం మధ్యనుంచి ఇప్పటికీ నల్లగా పారే కాలువే అది. దాని ఉత్తరపు మన్నులో మన వాళ్ల చెమట ఉంది. ఆ పని జరుగుతున్న కాలంలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు సహాయం ముగిసేదాకా ఆపాడు. తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను క్రైస్తవ చరిత్రకారులు విజయంగా చెప్పుకొంటారు, ఇతరులు అనుమానంగా చూస్తారు. రెండు వర్గాలూ ఒకే ఊహ చేస్తున్నాయని నాకనిపిస్తుంది: అన్నానికి కృతజ్ఞత ఒకటి, దేవునికి కృతజ్ఞత మరొకటి, మొదటిది తక్కువది, రెండోది గొప్పది అని. ఈ విభజన కడుపు నిండినవారి విభజన. మాదిగవాడలో మనిషి అంతకుముందు కూడా ఎవరిదో ఒకరి ఉప్పు తింటూనే ఉన్నాడు. కామందు ఇంటి గింజలు, చచ్చిన గొడ్డు మాంసం, పండుగనాడు డప్పు కొడితే దొరికే మిగులు కూడు. వాటన్నిటికీ అతను విశ్వాసంగా ఉండాలి. దండం పెట్టాలి, చెప్పులు చేతపట్టుకోవాలి. అతను మతం మారడమంటే విశ్వాసం లేని స్థితి నుంచి విశ్వాసానికి రావడం కాదు. తన విశ్వాసాన్ని ఒక యజమాని నుంచి తీసి మరొక యజమానికి ఇవ్వడం. పద్దు అదే; పైన రాసిన పేరు మారింది. ఊరు కోపించింది కూడా అందుకే.

దీనికి నిదర్శనం ఆ తొలి సంఘాలు పెట్టుకొన్న నియమాల్లోనే కనబడుతుంది. క్లౌ రాతల ప్రకారం చేరేవారు ఒప్పుకోవలసిన ముఖ్యమైన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మూడోది వేదాంతుల విషయం. మొదటి రెండూ చూడండి. ఒకటి వారానికి సంబంధించినది, ఒకటి కూటికి సంబంధించినది. పిలిచినప్పుడు వెళ్లడమే వృత్తిధర్మంగా ఉన్న మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు తనదని చెప్పడం ఎంత పెద్ద మాటో ఊహించుకోవాలి. మతశాస్త్రంలో దాన్ని విశ్రాంతిదినం అంటారు. పల్లెలో దాని పేరు పనికి రాకపోవడం. పవిత్రత అనేది ఈ జనానికి గోపురం మీద నుంచి దిగిరాలేదు. వారపు కూలి లెక్కలోంచి ఒక రోజును కోసి తీసుకొంటే దొరికింది.

1899లో క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ లండనులో ఒక పుస్తకం ప్రచురించారు. దాని పేరుకు తెలుగు చేస్తే ‘చెప్పులు కుడుతూ’ అని వస్తుంది. మాదిగల నోట విన్న కథనాలను, క్రైస్తవానికి ముందు వారిలో ఉన్న గురుపరంపరల ముచ్చట్లను ఆమె అందులో పొందుపరచింది. పాశ్చాత్య దృష్టి, మిషనరీ అవసరాలు ఆ పుస్తకంలో కావలసినన్ని ఉన్నాయి. ఆ జాగ్రత్తతోనే చదవాలి. అయినా ఆ పేరు పెట్టినందుకు ఆమెను మెచ్చుకోవాలి. తత్త్వం మాట్లాడుకోవడానికి ఈ మనుషులకు వేరే సమయం లేదు. ఆరె చేతిలో ఉండగానే మాట సాగాలి. 1866లో బాప్తిస్మం పొంది ఒంగోలు ప్రాంతపు మాదిగ సంఘాలకు మూలపురుషుడైన యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగం ఉపదేశం పొందినవాడు. అటువంటివాడు తోలుపని చేసే చేతులతోనే ప్రార్థన కూడా చేశాడు. మన సాహిత్య చరిత్రల్లో ఆయన పేరు ఎక్కడా కనబడదు. ఒక కీర్తన అయినా రాసి ఉంటే కనబడేవాడేమో.

పద్దు మారినదని చెప్పడానికి మరొక చిన్న ఆధారం పలకరింపులో ఉంది. తెలుగు క్రైస్తవులు ఒకరినొకరు ‘వందనాలు’ అని పలకరించుకొంటారు. ఈ మధ్య పట్టణాల్లో ఇంగ్లీషు స్తోత్రం దాని స్థానాన్ని ఆక్రమిస్తున్నది గాని, పెద్దతరంలో వందనాలే. ‘వందనాలండీ’, ‘వందనాలు అయ్యగారూ’, ‘వందనాలమ్మా’. ఊళ్లో అంతకుముందు ఇలాంటి మాట కింది నుంచి పైకే వెళ్లేది. దండం దొరా అన్నవాడికి దొర తిరిగి దండం చెప్పడు. వందనాలు అలా కాదు; అన్నవారికి తిరిగి అనాలి. కూలిమనిషి కూలిమనిషికి చెబుతాడు, పాస్టరు ముసలమ్మకు చెబుతాడు, చిన్నపిల్లకు పెద్దవాళ్లు చేతులు జోడించి చెబుతారు. కృతజ్ఞతకు, నమస్కారానికి కలిపి ఒకే మాట. భాషాశాస్త్రం చదివే విద్యార్థి ఎవరైనా ఈ ఒక్క పలకరింపు మీద మంచి లఘువ్యాసం రాయవచ్చు. మహారాష్ట్రలోని తెలుగు వాడల్లో, కర్ణాటకలోని గనుల ఊళ్లలో, రైల్వే కాలనీల్లో దానికేమయిందో కూడా చూడవచ్చు.

ఇళ్ల గోడలను కూడా చదవాలని నా మనవి. చాలా క్రైస్తవ గృహాల్లో భోజనం చేసే చోట ఒక పలక వేలాడుతుంటుంది. క్రీస్తు ఈ ఇంటికి పెద్ద అనీ, ప్రతి భోజనానికీ ఆయన కనబడని అతిథి అనీ, ప్రతి మాటనూ మౌనంగా వింటాడనీ దాని సారాంశం. ఇంగ్లీషు నుంచి వచ్చిన పలక అది. దొరల ఇళ్లలో అది ఒక మర్యాద మాత్రమే అయి ఉండవచ్చు. తెలుగు మాలపల్లెలో దాని అర్థం మారిపోయింది. ఆ ఇంట్లో ఊరివాళ్లెవరూ మంచినీళ్లయినా ముట్టరు. అతిథిని దేవుడనుకోవాలని పాఠం చెప్పే సమాజం ఆ ఇంటికి అతిథి రాకుండా కట్టడి చేసింది. అటువంటి ఇంట్లో గోడమీద పలక, ఇక్కడ రోజూ భోజనానికి కూర్చొనేవాడు ఒకడున్నాడు, వాడు దేవుడు అని చెబుతుంది. అన్నం ముందు కళ్లు మూసుకొని చేసే నాలుగు ముక్కల ప్రార్థన ఆ అతిథికి వడ్డించడమే. పలకను ముతక అలంకారమని నవ్వే విమర్శకుడు ఈ సంగతి చూడడు.

పిడికెడు బియ్యం ఆచారం కూడా ఇటువంటిదే. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం గడిచాక ఆ కుండ గుడికి వెళుతుంది. తమిళనాట దీన్ని ‘పిడి అరిసి’ అంటారు. డోర్నకల్ అధ్యక్ష మండలంలో ఇది బాగా పాతుకొన్నది. ఆ మండలానికి మొదటి బిషపు వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విలై గ్రామానికి చెందిన తమిళుడు. తెలుగు నేర్చుకొని తెలుగువాళ్ల మధ్య బ్రతికి, 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషపుగా అభిషిక్తుడైనవాడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ దేవాలయంలో హిందూ, ముస్లిం నిర్మాణరీతులను కలిపి కట్టించడం చాలామందికి తెలిసిన విషయం. ఆ కట్టడాన్ని గురించి వ్యాసాలున్నాయి. కుండలోని పిడికెడు బియ్యం గురించి లేవు. నాకు మాత్రం రెండోదే పెద్ద కట్టడంగా తోస్తుంది. పుచ్చుకొనేవారుగా మాత్రమే లోకం ఎరిగిన జనం అక్కడ ఇచ్చేవారయ్యారు. కృతజ్ఞత చూపడానికి కూడా చేతిలో ఏదో ఉండాలి గదా. ఆ ఏదో పూటకు పిడికెడుగా పోగయింది.

కోతకాలపు పండుగనాడు అది బహిరంగంగా జరుగుతుంది. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, సొరకాయలు, కోళ్లు, గుడ్లు, ఇంటి దగ్గర అరటిగెల తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయిపోయాక వేలంపాట. తెచ్చినవాడే తన గుమ్మడికాయను నాలుగింతల ధరకు పాడుకొని ఇంటికి తీసుకువెళ్లడం కద్దు. పొలమే లేని ఊరి సంఘాల్లో బజారులో కొన్న కూరగాయలు తెస్తారు. మన భాషలో వేలానికీ పాటే, దేవునికీ పాటే. నాకు ఆ చమత్కారం చాలా ఇష్టం.

ఇంతవరకు చెప్పినదంతా విని కృతజ్ఞతను నేను నెత్తికెత్తుకొంటున్నానని ఎవరైనా అనుకోవచ్చు. అందులో ప్రమాదముంది. ఉన్నదానికి స్తోత్రం చెప్పడం అలవాటైనవాడు లేనిదాన్ని అడగడం మానివేయవచ్చు. గంజి తాగి స్తుతించేవాణ్ణి చూసి సంతోషించేవాడు భూమి ఎవరి పేర ఉందో చూడనక్కరలేదు. ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడు జాషువ (1895–1971). ‘గబ్బిలం’ (1941) కథానాయకుడు శివునికి పంపుతున్నది స్తోత్రం కాదు, ఫిర్యాదు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు కాబట్టి, పూజారి లేని సమయం చూసి దేవుని చెవిలో తన బాధ చెప్పమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన కవి శివునికి కబురు పంపడమేమిటని ఆనాడు కొందరు చిరాకుపడ్డారు. ఫిర్యాదు విననివాడికి కృతజ్ఞత చెప్పడంలో అర్థం లేదని కవి ఎరుగును. అదే కవి తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ రెంటినీ విడివిడిగా బోధించడం మన పాఠ్యప్రణాళికల దోషం. ఒకటి దళిత సాహిత్యం కింద, ఒకటి మతకావ్యం కింద పడిపోతున్నాయి. రెంటినీ ఒకే వారంలో చదివించి చూడండి.

ఇటీవలి కథకులలో ఎం.ఎం. వినోదిని ఈ చిక్కును ఇంటిలోపలికి తెచ్చారు. తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని ఆమె ఒక కథలో కూతురి కథగా మార్చారు. చదువుకొన్న దళిత క్రైస్తవ యువతి పై కులపు స్నేహితురాలి ఇంటి నాజూకును చూసి, తన ఇంటి కూడు, తన వాళ్ల మాట, తన చర్చి పాట అన్నీ మోటుగా తోచి దూరమవుతుంది. తిరిగి రావడం కథ చివర. బైబిలు ఉపమానంలో కొడుకు తిరిగి రావడానికి ఆకలి కారణం. ఇక్కడ కూతురిని తిప్పి తెచ్చేది అవమానం. రాగానే ఆమెకు దొరికేది క్షమాపణ కన్నా ముందు, తాను ఏవగించుకొన్న ఇంటి విలువ. కృతజ్ఞత అంటే చేసినది ఎరగడమన్న పాత అర్థానికి ఈ కథ నాకు తెలిసినంతలో అతి సన్నిహితంగా వచ్చింది. తల్లిదండ్రులు చేసినదేమిటో కూతురు ఎరగడమే ఇందులో కథ. కొంచెం వాదన పాలు ఎక్కువైందనే అభ్యంతరం ఉన్నవాళ్లున్నారు. ఆ అభ్యంతరం పూర్తిగా తప్పు కాదు. కాని వాదించకుండా ఈ కథ చెప్పగలిగే పరిస్థితి ఇంకా వచ్చిందా?

ఇక ముందు వాయిదా వేసిన సంగతి. క్రైస్తవ ఇళ్లలో జరిగే కృతజ్ఞతా కూడికలకు ఒక వాఙ్మయరూపం ఉంది. దాని పేరు సాక్ష్యం. ఉద్యోగం వచ్చినా, ఆపరేషను బాగా జరిగినా, బిడ్డ పుట్టినా, ఇల్లు కట్టుకొన్నా చుట్టుపక్కలవాళ్లను పిలిచి పాటలు పాడి, ఒకరు లేచి నిలబడి జరిగినది చెబుతారు. మొదట వందనాలు, తరువాత కష్టం, తరువాత అడ్డంకులు, ఎవరెవరు ఏమన్నారో సంభాషణలతో సహా, తరువాత మేలు, చివర స్తుతి. ఈ చట్రం దాదాపు మారదు. లోపల వచ్చే వివరాలు మాత్రం ఏ ఇద్దరివీ ఒకటి కావు. తారీకులు, డాక్టరు ఫీజు, బస్సు నంబరు, అప్పు ఇచ్చిన పొరుగింటామె పేరు కూడా వస్తాయి. అక్షరం రాని స్త్రీలు పదిహేను నిమిషాలు తడుముకోకుండా చెబుతారు. తెలుగులో స్త్రీల మౌఖిక ఆత్మకథనం ఇంత విస్తారంగా, ఇంత క్రమంగా జరుగుతున్న చోటు మరొకటి నాకు తెలియదు. బుర్రకథ మీద, హరికథ మీద మన శాఖల్లో ఎన్నో సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి. సాక్ష్యం మీద ఎన్ని వచ్చాయో వేళ్లమీద లెక్కించవచ్చునేమో.

ప్రాంతేతర తెలుగు విద్యార్థులకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ఈ సాక్ష్యాల్లో మీ ఊరి తెలుగు దాచకుండా వినబడుతుంది. చర్చిలో ప్రసంగం గ్రాంథికపు బైబిలు భాషలో నడుస్తుంది, కీర్తనలు పాతవి. సాక్ష్యం ఒక్కటే వాడుకభాష. తమిళ క్రియకు తెలుగు ప్రత్యయం తగిలించడం, కన్నడ మాటను తెలుగుగానే నమ్మి వాడడం, ఒరియా పలుకుబడి, అన్నీ అక్కడే దొరుకుతాయి. సేకరించే ముందు ఆ కుటుంబం అనుమతి అడగండి. టేపు పెడితే కొందరు పుస్తకభాషలోకి జారిపోతారు. మొదటి రోజు ఊరకే కూర్చొని వినడం మేలు.

మా శాఖలో చదివిన ఒక విద్యార్థిని పిలుపు మీద కొన్నేళ్ల క్రితం అలాంటి కూడిక ఒకదానికి వెళ్లాను. ఆమె తమ్మునికి రైల్వేలో ఉద్యోగం వచ్చిన సందర్భం. చిన్న క్వార్టరు, ముప్పై మంది దాకా జనం, స్టూళ్లు చాలక చాపలు పరిచారు. కుర్రవాడి సాక్ష్యం పొట్టిగా, బిడియంగా ముగిసింది. తరువాత ఇంకెవరైనా చెబుతారా అని పాస్టరుగారు అడిగారు. మూలన కూర్చొన్న ఒక ముసలమ్మ కోడలి భుజం పట్టుకొని లేచింది. సభకు వందనాలు చెప్పి, ఈ వారం తనకు మోకాలు నొప్పి పది మెట్లు ఎక్కేవరకు రాలేదని, పదకొండో మెట్టుకు వచ్చిందని, ఆ పది మెట్లకు స్తోత్రమని చెప్పింది. ఎవరో కొంచెం నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒక్క క్షణం ఆగి, పదకొండో మెట్టు సంగతి కూడా ఆయనకు చెప్పానని అని కూర్చొంది. తరువాత పాట ఎత్తుకొన్నారు. పాట సగంలో ఉండగానే టీ గ్లాసులు తిరగడం మొదలయింది.